మన లెక్క మనకు చూపించడానికి మన ఖాతాలో చెయ్యి ఎందుకు పెడతారు?



పోస్టు పొడుగ్గా ఉంటాది. అయినా చివరిదాకా చదవండి. ఇది పెనుకొండ, హిందూపురం, ధర్మవరం హాస్టళ్లలో ఉండే మన పిల్లల ఖాతాల్లోంచి నెలనెలా పోతున్న డబ్బు గురించి. "మీ సిబిల్ స్కోర్ ఫ్రీగా చూసుకోండి", "ఏడు రోజులు ఉచితం", "ఒక్క రూపాయికే మీ పూర్తి రిపోర్టు" అని ఫోన్‌లో వచ్చే ప్రకటనల గురించి.

పోయిన వారం ఇదే గ్రూపులో ఈ సంగతి వచ్చినప్పుడు ఒక అన్న, "చదువుకునే పిల్లలే చూసుకోకుండా నొక్కితే ఎవరేం చేస్తారు? మనోళ్లకు అవగాహన లేదు, అంతే" అని పెట్టినాడు. ఆ మాటకు చానా లైకులు వచ్చినాయి. అన్న మీద గౌరవంతోనే చెప్తున్నాం, ఆ మాట తప్పు. ఏం జరిగినా మన మీదే వేసుకునే అలవాటు మనకు తాతల కాలం నుంచి ఉంది. దుకాణంలో తూకం తగ్గితే మనకు లెక్క రాదన్నారు. ఆఫీసులో కాగితం ఆగితే మనకు మాట్లాడటం రాదన్నారు. ఇప్పుడు ఫోన్‌లో డబ్బు పోతే మనకు అవగాహన లేదంటున్నారు. లెక్క వచ్చినా, మాట వచ్చినా, డిగ్రీ చదువుతున్నా డబ్బు పోతానే ఉందంటే లోపం మన దగ్గర లేదని ఎప్పుడు ఒప్పుకుంటాం?

మేం చెప్పేది ఒకటే. చట్టం ప్రకారం మనకు ఊరికే రావాల్సిన రిపోర్టును అడ్డం పెట్టుకుని మన ఖాతాలోకి దారి తీసుకోవడం వ్యాపారం కాదు, మోసం. దాన్ని మోసం అని పిలవకుండా అవగాహన లోపం అని పిలిచినంత కాలం అది ఆగదు.

ఈ రిపోర్టు ఏంది, ఎవరిది?

మన పెద్దోళ్లకు షావుకారు చిట్టా తెలుసు. ఎంత ఇచ్చినాడో, ఎంత కట్టినామో, ఇంకా ఎంత ఉందో అన్నీ ఆయన పుస్తకంలో ఉండేవి. పుస్తకం ఆయన పెట్టెలో ఉండేది. ఉగాదికి లెక్క చూడమంటే ఆయన చెప్పిందే లెక్క. ఇప్పుడు ఆ పుస్తకం కంపెనీల కంప్యూటర్లలోకి పోయింది. మన దేశంలో అట్లాంటి కంపెనీలు నాలుగున్నాయి. ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్. వీటిలో సిబిల్ 2000లో మొదలైంది, అందుకే ఏ కంపెనీ స్కోరైనా జనం "సిబిల్" అనే అంటారు. 2005లో వచ్చిన రుణ సమాచార కంపెనీల చట్టం కింద, రిజర్వ్ బ్యాంకు అజమాయిషీలో ఇవి పనిచేస్తాయి. బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు మన అప్పుల వివరాలు వీటికి పంపాలి. వీళ్లు దాన్నుంచి 300 నుంచి 900 మధ్య ఒక స్కోరు వేస్తారు.

నాన్న బండి ఫైనాన్సు అందులో ఉంటాది. ధర్మవరంలో మగ్గానికి తీసుకున్న బ్యాంకు లోను ఉంటాది. అన్న కంపెనీలో చేరినాక ఈఎంఐ మీద తీసుకున్న ఫోను కూడా ఉంటాది. 2010లో మన రాష్ట్రంలో మైక్రోఫైనాన్స్ అప్పుల ఒత్తిడికి జనం ప్రాణాలు తీసుకుంటే ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది గుర్తుందా? ఆ గొడవ తర్వాత మైక్రోఫైనాన్స్ కంపెనీలు కూడా ఈ బ్యూరోల్లో చేరి వివరాలు ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నియమం పెట్టింది. అంటే తండాలో మన యాడి వారం వారం కట్టే గ్రూపు లోను కూడా ఈ చిట్టాకు ఎక్కుతాది.

ఇది ఎవరి సమాచారం? మనది. మనం కట్టిన కంతులు, మనం పెట్టిన సంతకాలు. అందుకే రిజర్వ్ బ్యాంకు 2016 సెప్టెంబరులో ఒక ఆదేశం ఇచ్చింది. 2017 జనవరి నుంచి ఈ నాలుగు కంపెనీల్లో ప్రతి ఒక్కటీ, తన దగ్గర వివరాలున్న ప్రతి మనిషికీ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు, స్కోరుతో సహా, ఉచితంగా ఇవ్వాలి. నాలుగు కంపెనీలు, ఏడాదికి నాలుగు రిపోర్టులు. మూడు నెలలకొకటి చొప్పున తీసుకున్నా ఏడాది పొడుగునా రూపాయి ఖర్చు లేకుండా చూసుకోవచ్చు. పిన్ కొట్టాల్సిన పని లేదు, కార్డు నంబరు ఇవ్వాల్సిన పని లేదు.

ఈ ముక్క ఏ ప్రకటనలోనైనా చూసినారా? చూసి ఉండరు. "ఏడు రోజులు ఉచితం" అని పెద్దక్షరాల్లో రాసేవాడు "ఇది మీకు ఎట్లాగూ ఉచితమే" అని రాయడు.

మన భయంతోనే వ్యాపారం

అసలు మన పిల్లలు స్కోరు ఎందుకు చూసుకుంటున్నారు? ఊరికే సరదాకి కాదు. మా హాస్టల్లో చానా మంది బ్యాంకు పరీక్షలకు చదువుతున్నాం. ఐబీపీఎస్ నోటిఫికేషన్‌లోనే ఉంది, అభ్యర్థికి మంచి రుణ చరిత్ర ఉండాలని. స్టేట్ బ్యాంకు కూడా అప్పు ఎగ్గొట్టిన రికార్డు ఉన్నోళ్లను తీసుకోనంటుంది. పరీక్ష పాసైనాక కూడా ఈ రిపోర్టు వల్ల ఉద్యోగం పోవచ్చని తెలిస్తే ఎవరికి భయముండదు? ఇంకొందరు పీజీకి, నర్సింగ్‌కు చదువు లోను అడగాలనుకుంటున్నారు. అక్కడ నాన్న కూడా సంతకం పెట్టాలి, నాన్న స్కోరు కూడా చూస్తారు.

ఈ భయం వాళ్లకు బాగా తెలుసు. అందుకే ప్రకటన అట్లా ఉంటాది. ఎర్ర గీత, పడిపోతున్న ముల్లు, "మీ స్కోరు ప్రమాదంలో ఉందా? ఇప్పుడే చూడండి" అని. ఇరవై ఏళ్ల పిల్లోడికి ఏ అప్పూ లేదు. అప్పే లేనోడికి స్కోరు ప్రమాదంలో ఎట్లా పడుతుంది? అప్పు చరిత్ర లేకపోతే రిపోర్టులో చరిత్ర లేదనే వస్తాది. అది తప్పు కాదు, మచ్చ కాదు. మొదటిసారి అప్పు అడిగేవాళ్లను చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తిప్పి పంపకూడదని రిజర్వ్ బ్యాంకు 2025 జనవరి ఆదేశాల్లో బ్యాంకులకు చెప్పింది. ఆ ఏడాది ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ పార్లమెంటులో కూడా ఇదే చెప్పింది. చదువు లోను విషయంలో కేరళ హైకోర్టు 2023లోనే సిబిల్ స్కోరు తక్కువని విద్యార్థిని తిప్పి పంపొద్దని తీర్పు ఇచ్చింది. ఇవి మన పిల్లలకు చెప్పేవాళ్లు లేరు. భయపెట్టేవాళ్లు మాత్రం ఫోన్ తెరిస్తే చాలు, ఉన్నారు.

ఇంకో అబద్ధం కూడా తిరుగుతాంది, మన స్కోరు మనం మాటిమాటికీ చూసుకుంటే తగ్గిపోతుందని. తగ్గదు. అప్పు కోసం దరఖాస్తు చేసినప్పుడు బ్యాంకు చూసేది వేరు, మనది మనం చూసుకునేది వేరు.

వల ఎట్లా పనిచేస్తుంది

ఒక తమ్ముడి సంగతి చెప్తాం. పేరు వద్దు, కంపెనీ పేరూ వద్దు. డిగ్రీ రెండో ఏడాది, బ్యాంకు కోచింగు వీడియోలు చూస్తా ఉంటే మధ్యలో ప్రకటన వచ్చింది. ఒక్క రూపాయికి రిపోర్టు, ఏడు రోజులు ఉచితం. ఒక్క రూపాయి కట్టడానికి యూపీఐ తెరుచుకుంది, పిన్ కొట్టినాడు. చరిత్ర లేదని రిపోర్టు వచ్చింది. పని అయిపోయింది కదా అని యాప్ తీసేసినాడు.

ఆ ఒక్క రూపాయి రూపాయి కాదు. అది ఆటోపే అనుమతి. ఏడు రోజులు దాటినాక నెలకు 299 రూపాయలు తీసుకోవచ్చని కింద చిన్నక్షరాల్లో ఇంగ్లీషులో ఉంది. ఒకసారి పిన్ కొట్టి ఆటోపే ఇస్తే, 15,000 రూపాయల దాకా ప్రతి నెలా మళ్లీ పిన్ అడగాల్సిన పని లేదు. 2022 జూన్‌లో రిజర్వ్ బ్యాంకు ఈ పరిమితిని 5,000 నుంచి 15,000కు పెంచింది. కరెంటు బిల్లులు, ఇన్సూరెన్సు కంతులు కట్టేవాళ్లకు సులువుగా ఉంటుందని పెట్టిన వసతి. దాన్నే వీళ్లు దొడ్డిదారి చేసుకున్నారు.

యాప్ తీసేస్తే సబ్‌స్క్రిప్షన్ పోదు. ఈ ఒక్క వాక్యం అందరూ గుర్తు పెట్టుకోండి, ఇంట్లో చెప్పండి. యాప్ మన ఫోన్‌లో ఉంటాది, అనుమతి బ్యాంకు దగ్గర ఉంటాది. మూడు నెలలు డబ్బు పోయింది. మూడో నెల ఖాతాలో మెస్‌కు కట్టాల్సిన డబ్బు తక్కువ పడితే అప్పుడు స్టేట్‌మెంట్ తీసి చూసినాం.

రద్దు చేద్దామని మేం నలుగురం కూర్చున్నాం. యాప్‌లోకి పోవాలంటే మళ్లీ ఎక్కించుకోవాలి. ఎక్కించుకున్నాం. మెనూలో "రద్దు" అనే మాట యాడా లేదు. "నా ప్లాన్" లోపల, "సహాయం" లోపల, "తరచుగా అడిగే ప్రశ్నలు" లోపల ఒక లింకు. నొక్కితే "మీ స్కోరు రక్షణ ఆగిపోతుంది, నిజంగా వదులుకుంటారా?" అని పెద్ద పచ్చ బటన్ మీద "వద్దు, కొనసాగిస్తా". కింద కనీకనపడని బూడిద రంగులో "అయినా రద్దు చేయి". అది నొక్కితే కారణం చెప్పమన్నారు. కారణం చెప్తే సగం ధరకు ఇస్తామన్నారు. వద్దంటే కస్టమర్ కేర్‌కు ఫోన్ చేయమన్నారు. ఫోన్ చేస్తే పాట. మెయిల్ పెడితే "యాప్‌లో లాగిన్ అయి రద్దు చేసుకోగలరు" అని జవాబు. బ్యాంకుకు పోతే "అది మీకూ కంపెనీకీ మధ్య" అన్నారు.

చేరడానికి పట్టింది ఒక నిమిషం. వదలడానికి పట్టింది ఐదు రోజులు. ఇది పొరపాటున కట్టిన ఇల్లు కాదు. లోపలికి తలుపు, బయటికి గోడ పెట్టి కట్టిన ఇల్లు.

చివరికి ఆ తమ్ముడి యూపీఐ యాప్‌లోనే ఆటోపే అనే చోటికి పోయి ఆ అనుమతి తీసేసినాం. రెండు నిమిషాలు. తర్వాత 1915కు ఫిర్యాదు చేస్తే ఒక నెల డబ్బు వెనక్కి వచ్చింది. రెండు నెలలది రాలేదు.

"299 ఎంత అన్నా, వదిలేయండి" అంటారా?

ఇంకో మాట కూడా గ్రూపులో వచ్చింది. సినిమా టికెట్టుకు, బిర్యానీకి అయ్యే ఖర్చు కదా, దీనికింత గొడవా అని.

మన రాష్ట్రంలో ఉపాధి హామీ పనికి 2025-26లో ప్రకటించిన రోజు కూలి 307 రూపాయలు. అది కూడా కొలత ప్రకారం పని పూర్తయితేనే. అంటే ఆ కంపెనీ నెలనెలా తీసుకునేది మన యాడి ఎర్రటెండలో ఒక పూర్తి రోజు మట్టి తవ్విన కూలి. ఏడాదికి పన్నెండు రోజుల కూలి. ఆమె స్కోరు చూడలేదు, యాప్ ఎక్కించలేదు, ఆ కంపెనీ పేరు కూడా పలకలేదు. ఆమె చేతి పని మాత్రం వాళ్లకు పోయింది. ఇది చిన్న మొత్తం అనేవాళ్లు ఒక్క రోజు ఆ పనికి పోయి రండి, తర్వాత మాట్లాడుకుందాం.

కంపెనీ కూడా లెక్క వేసుకునే 299 పెట్టింది. మూడు వేలైతే మనం గొడవ చేస్తాం. 299కి పెనుకొండ నుంచి ఎవరూ కోర్టుకు పోరని వాళ్లకు తెలుసు. ఒక్కొక్కరి దగ్గర చిన్న మొత్తం, లక్షల మంది దగ్గర. వ్యాపారమంతా మన ఓపిక లేనితనం మీదే నడుస్తాంది.

"షరతులు చదవాల్సింది" అంటారా?

ఇది కొంచెం చదువుకున్నోళ్లు చెప్పే మాట. మేం వాళ్లను ఒకటే అడుగుతున్నాం. మీరు వాడే యాప్‌ల షరతులు ఎన్ని చదివినారు? కోర్టు భాషలో, ఇంగ్లీషులో, పదుల పేజీలు. ఇంట్లో గోర్‌బోలి, బడిలో తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు. మూడో భాషలో లాయరు రాసింది అర్థం కాలేదని పిల్లోడిని తప్పు పడతారా, అర్థం కాకూడదనే అట్లా రాసినోడిని తప్పు పడతారా?

పైగా ఇక్కడ షరతులు చదివినామా లేదా అన్నది చట్టానికి అక్కర్లేదు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాలు ప్రకటించింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద వచ్చినవి ఇవి. అందులో 13 రకాల మోసపు పద్ధతులను పేర్లు పెట్టి రాసినారు. వాటిలో ఒకటి సబ్‌స్క్రిప్షన్ ట్రాప్, అంటే చందా వల. దాని కింద ఏముందో చూడండి. రద్దు చేసుకోవడాన్ని కుదరకుండా చేయడం, లేదా సాగదీయడం. రద్దు దారిని దాచిపెట్టడం. రద్దు ఎట్లా చేయాలో తికమకగా రాయడం. ఉచిత సబ్‌స్క్రిప్షన్ కోసం కట్టే వివరాలు, ఆటో డెబిట్ అనుమతి ఇవ్వమని బలవంతపెట్టడం.

చివరిది ఇంకోసారి చదవండి. ఉచితం అని చెప్పి ఆటో డెబిట్ అడగడమే తప్పు అని రాసి ఉంది. పిల్లోడు షరతులు చదివినాడా అన్న ప్రశ్న దానికి తర్వాతది. "రక్షణ వదులుకుంటారా?" అని మనల్ని సిగ్గుపడేట్టు చేసే బటన్ కూడా ఆ 13లో వేరే పేరుతో ఉంది. అంటే మా తమ్ముడికి జరిగింది ఏదో కొత్త వింత కాదు. ఢిల్లీలో ముందే రాసి పెట్టిన జాబితాలో ఉన్నదే.

మరి చట్టం ఉండగా ఎందుకు నడుస్తాంది? 2025 జూన్‌లో అదే సంస్థ ఆన్‌లైన్ కంపెనీలకు ఒక సలహా ఇచ్చింది, మూడు నెలల్లో మీ యాప్‌లను మీరే తనిఖీ చేసుకుని ఇట్లాంటి పద్ధతులు తీసేయండి అని. దొంగ చేతికి తాళాలిచ్చి సామాను లెక్కపెట్టమన్నట్టుంది ఇది. తనిఖీ వాళ్లే చేసుకుంటే, "మా దగ్గర ఏమీ లేదు" అని వాళ్లే రాసుకుంటే, పెనుకొండలో పోయిన 299 ఎవరి లెక్కలోకి వస్తాది?

అమెరికా వాళ్లకూ ఇదే జరిగింది

అవగాహన లేకే మోసపోతారు అనేవాళ్లకు ఇంకో జవాబు. అమెరికాలో చదువు లేదా? ఇంగ్లీషు రాదా? అక్కడ కూడా ఇదే మోసం, ఇదే సరుకు మీద జరిగింది. అక్కడ కూడా చట్టం ప్రకారం రిపోర్టు ఏడాదికోసారి ఉచితం. ఎక్స్‌పీరియన్‌కు చెందిన కన్స్యూమర్ఇన్ఫో డాట్ కామ్ అనే కంపెనీ "ఉచిత రిపోర్టు" అని ప్రకటనలు వేసింది. 30 రోజుల్లో రద్దు చేసుకోకపోతే ఏడాదికి 79.95 డాలర్లు పడుతుందని సరిగ్గా చెప్పలేదని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు వేసింది. 2005లో రాజీ కుదిరి ఆ కంపెనీ 9,50,000 డాలర్లు కట్టింది, జనానికి డబ్బు వెనక్కి ఇవ్వడానికి ఒప్పుకుంది.

2017 జనవరిలో ట్రాన్స్‌యూనియన్, ఈక్విఫాక్స్ కంపెనీల మీద అక్కడి వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ చర్య తీసుకుంది. కారణాల్లో ఒకటి ఇదే. ఉచితమనో, ఒక డాలరనో చెప్పి, ఉచిత గడువు అయినాక నెలనెలా డబ్బు లాగడం. రెండు కంపెనీలూ కలిపి 2.3 కోట్ల డాలర్లకు పైగా కట్టాల్సి వచ్చింది. అందులో ఎక్కువ భాగం జనానికి తిరిగి ఇవ్వడానికే. మన సిబిల్‌లో ఎక్కువ వాటా ఉన్నది ఆ ట్రాన్స్‌యూనియన్‌దే. అక్కడ ఒక డాలరు, ఇక్కడ ఒక్క రూపాయి. ఇరవై ఏళ్ల కిందటి పాత మోసం ఇది, కొత్తగా మన తండాకు వచ్చింది.

అక్కడ కూడా పోరాటం తీరలేదు. చేరడం ఎంత తేలికో వదలడం అంత తేలికగా ఉండాలని 2024 అక్టోబరులో నియమం తెచ్చినారు. కంపెనీల సంఘాలు కోర్టుకు పోయినాయి. 2025 జులైలో కోర్టు దాన్ని కొట్టేసింది. రద్దు బటన్ తేలిగ్గా పెట్టమంటే కోర్టు దాకా పోయి కొట్లాడినారంటే ఆ బటన్ దాచిపెట్టడంలో ఎంత లాభముందో మీరే ఆలోచించండి.

ఇప్పుడే చేయాల్సినవి

తిట్టుకుంటా కూర్చుంటే డబ్బు ఆగదు. ఈ పోస్టు మూసే ముందు ఇవి చేయండి.

1. మీ యూపీఐ యాప్‌లో ప్రొఫైల్ దగ్గరికి పోయి "ఆటోపే" లేదా "మాండేట్లు" అని ఉన్నది తెరవండి. అక్కడ మీరు ఇచ్చిన అనుమతులన్నీ కనపడతాయి. వద్దనుకున్నదాన్ని రద్దు చేయండి. పిన్ అడుగుతాది, కొట్టండి. రెండు మూడు యూపీఐ యాప్‌లుంటే అన్నిట్లో చూడండి.

2. ప్లేస్టోర్ ద్వారా చేరి ఉంటే ప్లేస్టోర్‌లో మీ బొమ్మ నొక్కి, పేమెంట్లు, సబ్‌స్క్రిప్షన్లు అనే చోట రద్దు చేయాలి. ఏటీఎం కార్డు నంబరు ఇచ్చి ఉంటే బ్యాంకు యాప్‌లోనో, బ్రాంచిలోనో ఈ-మాండేట్ తీసేయమనండి. కాగితం మీద రాసి ఇచ్చి ఒక నకలు మీద ముద్ర వేయించుకోండి.

3. కంపెనీకి కూడా ఒక మెయిల్ పెట్టండి, ఫలానా తేదీ నుంచి రద్దు చేస్తున్నానని. జవాబు ఇవ్వకపోయినా మనం చెప్పినట్టు రుజువు ఉంటాది. ప్రతి పేజీకీ స్క్రీన్‌షాట్ తీయండి, ముఖ్యంగా రద్దు దాచిన పేజీలకు.

4. డబ్బు తీసే ముందు కనీసం 24 గంటల ముందు మనకు మెసేజ్ రావాలి. కంపెనీ పేరు, ఎంత, ఏ రోజు అని అందులో ఉండాలి, వద్దనే వీలు కూడా ఉండాలి. 2021 అక్టోబరు నుంచి పాత అనుమతులతో సహా అన్నిటికీ ఇది గట్టిగా అమలైంది. ఆటోపే వాడినందుకు విడిగా ఛార్జీ వేయకూడదు. మెసేజ్ రాకుండా డబ్బు పోతే అది బ్యాంకు జవాబు చెప్పాల్సిన సంగతి. "మీకూ కంపెనీకీ మధ్య" అంటే ఒప్పుకోవద్దు. బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, 30 రోజుల్లో తేల్చకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పోవచ్చు. దాని నంబరు 14448.

5. చందా వల మీద ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తెలుగులో మాట్లాడొచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 5 లక్షల లోపు కేసుకు ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు.

6. స్కోరు కావాలంటే ఆ నాలుగు కంపెనీల సొంత సైట్లలోనే ఏడాదికోసారి ఉచిత రిపోర్టు తీసుకోండి. పక్కనే డబ్బు ప్లాన్లు కూడా కనపడతాయి, కన్ను అటు పోనీయొద్దు. పేమెంటు యాప్‌లలో కొన్ని స్కోరు ఊరికే చూపిస్తాయి. డబ్బు అడగవు కానీ తర్వాత లోన్ ఆఫర్లు వెంటపడతాయి. ఆ లోను మన చదువుకు అక్కర్లేదు.

7. రిపోర్టులో తప్పుంటే, అంటే తీరిన అప్పు ఇంకా ఉన్నట్టో, మనది కాని అప్పు మన పేరు మీదో కనపడితే, అదే కంపెనీకి ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకు 100 రూపాయల చొప్పున మనకు పరిహారం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు 2023 అక్టోబరులో ఆదేశించింది. ఈ పని చేయిస్తామని వెయ్యి, రెండు వేలు అడిగే ఏజెంట్లకు ఒక్క రూపాయి ఇవ్వొద్దు.

మనం అడగాల్సినవి

ఇవన్నీ మనం చేసుకునేవి. అయితే ప్రతిదీ మనమే చేసుకుంటా పోతే "అవగాహన" అనే ఆ అన్న మాటే నెగ్గినట్టు. అడగాల్సినవి కూడా ఉన్నాయి.

ఎన్ని నొక్కులతో చేరినామో అన్ని నొక్కులతోనే రద్దు కావాలి. అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో. ఉచితం అంటే ఉచితమే, ఆటోపే అడగకూడదు. డబ్బు తీసే ముందు వచ్చే మెసేజ్ తెలుగులో రావాలి. పండగ ఆఫర్లు తెలుగులో పంపే బ్యాంకులకు ఈ ఒక్క మెసేజ్‌కు తెలుగు రాదా? ఆర్థిక అక్షరాస్యత కేంద్రాల వాళ్లు ఏడాదికోసారి బ్యానర్ కట్టి ఫోటో దిగి పోవడం కాదు, మా హాస్టళ్లకు వచ్చి ఒక్కొక్క పిల్లోడికి ఆ ఉచిత రిపోర్టు తీసి చూపించాలి. ప్రతి హాస్టల్ నోటీసు బోర్డు మీద 1915 నంబరు ఉండాలి. హాస్టల్ వార్డెన్ సార్లను, మేడమ్‌లను మేం గౌరవంగానే అడుగుతున్నాం, దీనికి జీవో అక్కర్లేదు, ఒక కాగితం, నాలుగు గుండుసూదులు చాలు.

గ్రూపు అడ్మిన్ అన్నలకు ఒక విన్నపం. ఈ నెల ఒక ఆదివారం పెనుకొండలో కూర్చుందాం. ఎవరెవరి ఖాతాలోంచి ఏ కంపెనీ ఎంత తీసుకుందో స్టేట్‌మెంట్లు పట్టుకుని రండి. ఒక్కొక్కరు 299 గురించి ఒక్కొక్క ఫిర్యాదు పెడితే అది చిల్లర. యాభై మందిమి ఒకే రోజు ఒకే రకం ఫిర్యాదు పెడితే దాన్ని ఎవరూ చిల్లర అనలేరు. హిందూపురం, ధర్మవరం తమ్ముళ్లు మీ దగ్గర కూడా ఇట్లే పెట్టుకోండి. ఊరికి పోయినప్పుడు యాడి ఫోన్, నాన్న ఫోన్ కూడా తెరిచి ఆటోపే చూడండి. వాళ్ల ఫోన్లలో మనం ఆడుకుంటా ఉన్నప్పుడు ఏ అనుమతి ఎవరు తీసుకున్నారో తెలీదు.

ఈ పోస్టు కింద ఎవరైనా "నాకు కూడా పోయింది" అని రాస్తే దయచేసి నవ్వే బొమ్మలు పెట్టొద్దు. "చూసుకోవాల్సింది బ్రో" అని రాయొద్దు. ఎంత పోయింది, ఎప్పటి నుంచి పోయింది, స్క్రీన్‌షాట్ ఉందా అని అడగండి. కొత్తగా హాస్టల్‌కు వచ్చే చిన్నోళ్లు మాట్లాడాలంటే ముందు సిగ్గు పడకూడదు. సిగ్గు పడాల్సింది వాళ్లు కాదు.

ఆదివారం తేదీ అడ్మిన్ అన్నలు చెప్తారు. స్టేట్‌మెంట్లు తీసి పెట్టుకోండి.

ఇట్లు,
పెనుకొండ హాస్టల్ విద్యార్థులం